పాల్ ఎంజైమ్ కొలవాలంటే ముందు ఆకు కోయడం నేర్చుకోవాలి

పాల్ అంటే పాలు కాదు, ముందే చెప్తున్నా. ఫినైల్‌అలనిన్ అమ్మోనియా లయేజ్ అనే నోరు తిరగని పేరుని కుదిస్తే పాల్ అవుతుంది, మా ల్యాబులో అందరం అలాగే పిలుస్తాం. నల్గొండ, పాలమూరు వైపు కాలేజీల నుంచి ప్రాజెక్టు చేస్తామంటూ నా దగ్గరికి వచ్చే ఎమ్మెస్సీ పిల్లల్లో సగం మంది దీన్నే పట్టుకుంటారు. తప్పేం లేదు. కిట్ కొనక్కర్లేదు, ఖరీదైన కెమికల్ ఏమీ లేదు, ద్రవం యూవీ వెలుతురుని ఎంత పీలుస్తుందో కొలిచే మిషన్, అదే యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్, ఒకటి పనిచేస్తుంటే చాలు. కొలవడం అరగంట పని. ఆ వచ్చిన నంబరు మొక్కదా, మన చేతులు చేసిన నిర్వాకమా అన్నది తేల్చుకోవడానికే నెలలు పడుతుంది.

నాకు అదే జరిగింది. నా ప్రాజెక్టు అప్పుడు మిర్యాలగూడ దగ్గర ఒక మడిలో అగ్గితెగులు పట్టిన వరి ఆకులు, పోల్చి చూడటానికి, అంటే కంట్రోల్‌గా, పక్క మడిలో బాగున్న ఆకులు కోసి, రెండు పాలిథిన్ కవర్లలో కుక్కి, బస్సు కోసం గంట నిలబడి, బస్సులో ఇంకో గంటన్నర కూర్చుని ల్యాబుకి చేరాను. ఆ రోజు కరెంటు లేదు, కవర్లు ఫ్రిజ్‌లో పెట్టి తెల్లారి నూరాను. రెండింట్లోనూ పాల్ ఒకేలా వచ్చింది, ఇంకా చెప్పాలంటే బాగున్న ఆకులోనే కాస్త ఎక్కువ. మా గైడ్ సార్ చూసి "నీ కంట్రోల్‌కే రోగం వచ్చిందేమోరా" అన్నారు. మూడుసార్లు తిరిగి చేశాక గానీ నాకు వెలగలేదు. పాల్ అనేది మొక్కకి దెబ్బ తగిలితే పెరిగే ఎంజైమ్. కోయడం దెబ్బే, మడవడం దెబ్బే, కవర్లో ఉక్కపోయడం కూడా దెబ్బే. నేను రెండు కవర్లలోని ఆకుల్నీ సమానంగా హింసించి, తేడా లేదేమిటా అని జుట్టు పీక్కున్నాను.

సరే, ఇది చేసే పనేమిటో రెండు ముక్కల్లో. ఎల్-ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లంలోంచి అమ్మోనియాని ఊడబెరికి, ట్రాన్స్-సినమిక్ ఆసిడ్‌ని మిగులుస్తుంది. మొక్కలో ఆ సినమిక్ ఆసిడ్ నుంచే కట్టెకి గట్టిదనమిచ్చే లిగ్నిన్, బత్తాయిలోని ఫ్లేవనాయిడ్లు, పల్లీలోని రెస్వెరట్రాల్, తెగుళ్లని ఆపే ఫినాల్స్ అన్నీ బయల్దేరతాయి. ఊళ్లోకి వెళ్లే దారికి గేటు అనుకోండి. 1961లో కౌకోల్, కాన్ అనే ఇద్దరు దీన్ని బార్లీలోంచి తీసి చూపించారు. దీనికి ఇంకో సుగుణం ఉంది. పని చేయడానికి కావలసిన ఎంఐఓ అనే పనిముట్టుని తన గొలుసులోనే పక్కపక్కనున్న అలనిన్, సెరీన్, గ్లైసిన్‌లని మడతపెట్టి తనే చేసుకుంటుంది. అందుకే మన ట్యూబులో ఎంజైమ్‌కి తోడుండే కోఫ్యాక్టర్ ఏదీ విడిగా వేయక్కర్లేదు. ఎంజైమ్, బఫర్, ఫినైల్‌అలనిన్, అంతే.

మొదట ఆకుల జోలికి పోకండి. ఆలుగడ్డతో మొదలుపెట్టండి. నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరితోనూ ముందు ఇదే చేయిస్తాను, కొందరికి నామోషీగా ఉంటుంది, ఎమ్మెస్సీకి వచ్చి ఆలుగడ్డ కోయడమేమిటి సార్ అని. కోయాలి. అప్పుడే కోసిన ఆలుగడ్డలో పాల్ దాదాపు ఉండదు. కోసి, తడిపి, వెలుతురులో ఉంచితే కొన్ని గంటల తర్వాత మొదలై, మర్నాటికి బాగా పెరుగుతుంది. అంటే ఒకే గడ్డలో మీకు సున్నా దొరుకుతుంది, ఎక్కువా దొరుకుతుంది. ఇంతకంటే మంచి కంట్రోల్ ఎక్కడుంది?

గడ్డని కడిగి, తొక్క తీసి, రూపాయి బిళ్ల కంటే చిన్నగా, రెండు మిల్లీమీటర్ల మందాన బిళ్లలు కోయండి. కత్తి పదునుగా ఉండాలి, మొద్దు కత్తితో నలిగిపోతాయి. నీళ్లలో రెండుసార్లు జాడించి, ప్లేటులో తడి ఫిల్టర్ పేపర్ మీద పరిచి, మూత పెట్టి, ట్యూబ్‌లైట్ కింద ఉంచండి. ఎండలో కాదు, మన ఎండకి ఉడికిపోతాయి. కోసిన వెంటనే ఒక గ్రాము, తర్వాత 3, 6, 12, 24 గంటలకి ఒక్కో గ్రాము తీయండి. రాత్రి పన్నెండుకి ఎవరు తీస్తారని అడక్కండి, పొద్దున్న తొమ్మిదింటికి కోస్తే 12 గంటలది రాత్రి తొమ్మిదికి వస్తుంది, పడుకోవచ్చు.

ఇక బఫర్, అంటే పీహెచ్ కదలకుండా పట్టి ఉంచే ద్రావణం. పాల్‌కి క్షారం వైపు ఉండటం ఇష్టం, అందుకని 0.1 మోలార్ బోరేట్, పీహెచ్ 8.8. లీటరుకి 6.18 గ్రాముల బోరిక్ ఆసిడ్ వేసి, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో నెమ్మదిగా 8.8కి తేవాలి. నీళ్లు మాత్రం డిస్టిల్డ్ వాటరే. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు డిస్టిల్డ్ వాటర్ కావు, ఫిల్టర్ ప్లాంటు వాళ్లు ఎంత ప్యూర్ అని చెప్పినా సరే. బోరు నీళ్ల సంగతి మన జిల్లా వాళ్లకి నేను చెప్పాలా, ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టారు.

ఇదే బఫర్లో ఫినైల్‌అలనిన్ 12 మిల్లీమోలార్ కలుపుకోండి, అంటే 100 మిల్లీలీటర్లకి 0.198 గ్రాములు. సీసా మీద 'ఎల్' అని ఉందో లేదో చూడండి. 'డీఎల్' అంటే ఎల్ రకం, అద్దంలో దాని బొమ్మ లాంటి డీ రకం సగం సగం కలిసినది, ఆ సీసా చవగ్గా వస్తుంది, అందులో సగమే పనికొచ్చేది. నూరడానికి విడిగా 100 మిల్లీలీటర్ల బఫర్లో 10 మైక్రోలీటర్ల బీటా-మెర్కాప్టోఎథనాల్ వేస్తే సుమారు 1.4 మిల్లీమోలార్ అవుతుంది. కుళ్లిన గుడ్ల కంపు. ఫ్యూమ్ హుడ్ లేకపోతే వరండాలోకి తీసుకుపోయి కలపండి, లేదంటే పక్క డిపార్టుమెంటు వాళ్లు గొడవకొస్తారు.

నూరడం దగ్గర తొందర పనికిరాదు, ఆలస్యమూ పనికిరాదు. రోలూ రోకలీ, అదే మోర్టారు, ముందు రాత్రే డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి. ఒక గ్రాము ముక్కలకి 0.1 గ్రాము కరగని పీవీపీ పొడి వేసి, చల్లటి బఫర్ 5 మిల్లీలీటర్లు మూడు విడతలుగా పోస్తూ, ఐసు మీదే మెత్తగా నూరాలి. ఆ పొడి ఎందుకంటే, కణం పగలగానే లోపల దాగిన ఫినాల్స్ బయటికి వచ్చి ప్రొటీన్లకి అతుక్కుని ఎంజైమ్‌ని చంపేస్తాయి, పీవీపీ వాటిని పట్టుకుంటుంది. ఆలుగడ్డకి లేకున్నా ఏదోలా నడుస్తుంది గానీ జొన్న, ఆముదం, సీతాఫలం ఆకులకి లేకపోతే మీ ద్రవం టీ డికాషన్ రంగుకి తిరుగుతుంది. ఆ రంగు కనిపిస్తే రీడింగ్ తీసి టైం వేస్ట్ చేసుకోకండి, మళ్లీ నూరండి.

తర్వాత నాలుగు పొరల మస్లిన్ గుడ్డలో పిండి, 4 డిగ్రీల దగ్గర పది పన్నెండు వేల జీ మీద 15 నిమిషాలు తిప్పాలి. జీ అంటే భూమి ఆకర్షణకి ఎన్ని రెట్ల బలమో చెప్పే లెక్క, నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పే ఆర్‌పీఎం కాదు. 8 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న రోటర్‌ని 10,000 ఆర్‌పీఎం మీద తిప్పితే వచ్చేది సుమారు 8,900 జీ. మన కాలేజీల్లో కూలింగ్ సెంట్రిఫ్యూజ్ ఉన్నచోట అది చెడిపోయి ఉంటుంది, కాబట్టి మామూలు దాన్నే వాడేటట్టయితే అయిదేసి నిమిషాలు తిప్పి, మధ్యలో ట్యూబుల్ని ఐసులో చల్లార్చండి. పైన తేరిన ద్రవం తేటగా ఉండాలి. మసకగా ఉంటే మిషన్ ఆ మసకని కూడా సినమిక్ ఆసిడ్ అనుకుంటుంది.

ఇప్పుడు కొలత. ట్యూబులో బఫర్ 0.5 మిల్లీలీటర్, ఎంజైమ్ ద్రవం 0.4, ఫినైల్‌అలనిన్ 0.5, మొత్తం 1.4. 30 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి 290 నానోమీటర్ల దగ్గర చూడాలి. అక్కడే ఎందుకంటే సినమిక్ ఆసిడ్ ఆ వెలుతురుని పీల్చుకుంటుంది, ఫినైల్‌అలనిన్ దాదాపు పీల్చదు. అందరూ 30 డిగ్రీలు అని రాసేస్తారు గానీ ఏప్రిల్, మే నెలల్లో మన ల్యాబు గదే 38 ఉంటుంది, వాటర్ బాత్ వేడి చేయగలదు తప్ప చల్లబరచలేదు. నా సలహా, ఎండాకాలం పని అయితే 40 పెట్టుకుని ప్రాజెక్టు మొత్తం అదే ఉంచండి, థీసిస్‌లోనూ 40 అనే రాయండి. ఒకరోజు 30, ఇంకోరోజు 37 అయితే ఆ రెండు రోజుల నంబర్లు పక్కపక్కన పెట్టడానికి లేదు.

ఎక్కువమంది బోల్తా పడేది క్యువెట్ దగ్గర, అంటే ద్రవం పోసి మిషన్‌లో పెట్టే చిన్న గొట్టం దగ్గర. 290 అంటే యూవీ. మామూలు గాజు క్యువెట్, మామూలు ప్లాస్టిక్ క్యువెట్ అక్కడ వెలుతురుని తామే మింగేస్తాయి. క్వార్ట్‌జ్ కావాలి, లేదా యూవీకి పనికొచ్చే రకం ప్లాస్టిక్. ఒక అమ్మాయి వారం రోజులపాటు ప్రతి ట్యూబుకీ ఒకేలాంటి పెద్ద నంబరు వస్తోందని ఏడుపు మొహంతో వచ్చింది, చూస్తే గాజు క్యువెట్. ఖాళీ క్యువెట్‌లో డిస్టిల్డ్ వాటర్ పోసి 290 దగ్గర గాలితో పోల్చి చూడండి, నంబరు ఎక్కువొస్తే అది మీ క్యువెట్ నంబరే. మిషన్‌లో యూవీ ఇచ్చే డ్యుటీరియం ల్యాంప్ వేసి అరగంట వేడెక్కనివ్వండి. మధ్యలో కరెంటు పోయి వస్తే మళ్లీ అరగంట. ల్యాబులో కలరిమీటర్ ఒక్కటే ఉంటే ఈ పని కాదు, పక్క కాలేజీలో అడుక్కోవాల్సిందే.

బ్లాంకులు, అంటే అసలు రీడింగ్‌లోంచి తీసేయడానికీ పోల్చడానికీ పెట్టే ట్యూబులు, ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ, నేనూ ఒకప్పుడు ఎగ్గొట్టాను. కనీసం రెండు పెట్టండి. ఒకటి, ఎంజైమ్ ద్రవం ఉండి ఫినైల్‌అలనిన్ లేనిది, ఆకులోంచి వచ్చిన ఫినాల్స్ 290 దగ్గర ఎంత పీలుస్తున్నాయో ఇది చెప్తుంది, ఆకుల్లో ఇది చాలాసార్లు అసలు రీడింగ్ కంటే పెద్దగా ఉంటుంది. రెండోది, పది నిమిషాలు మరిగించిన ఎంజైమ్‌తో అన్నీ ఉన్నది, ఇందులో నంబరు పెరిగితే అది ఎంజైమ్ పని కాదు. మూడోది డబ్బులుంటే డీ-ఫినైల్‌అలనిన్‌తో పెట్టండి, మొక్కల పాల్ దాన్ని దాదాపు ముట్టుకోదు కాబట్టి తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఒకసారైనా ఎంజైమ్ ద్రవం సగానికి తగ్గించి చూడండి, రీడింగ్ కూడా సగం కావాలి. 10, 20, 30, 45 నిమిషాలకి చూస్తే గీత వంకర లేకుండా తిన్నగా పోవాలి, వంగిపోతే మీ 30 నిమిషాల లెక్క తప్పు. సినమిక్ ఆసిడ్ పోగయ్యేకొద్దీ అదే ఎంజైమ్‌కి అడ్డుపడుతుంది మరి.

మిషన్ మీద నమ్మకం కుదరడానికి తెలిసిన మోతాదుల సినమిక్ ఆసిడ్‌తో స్టాండర్డ్ గీత గీయండి. 14.8 మిల్లీగ్రాములు కొద్దిగా ఎథనాల్‌లో కరిగించి బఫర్‌తో 100 మిల్లీలీటర్లు చేస్తే 1 మిల్లీమోలార్. దాన్ని వంద రెట్లు పలచన చేస్తే 10 మైక్రోమోలార్, దాని రీడింగ్ 0.096 చుట్టుపక్కల రావాలి, ఎందుకంటే మనవాళ్లు లెక్కల్లో వాడే ఎక్స్‌టింక్షన్ కోఎఫిషియెంట్, అంటే 1 మోలార్ ద్రావణం ఒక సెంటీమీటర్ దారిలో ఎంత పీలుస్తుందో చెప్పే అంకె, 9630. రియాక్షన్‌ని ఆసిడ్ వేసి ఆపే అలవాటు ఉంటే స్టాండర్డ్‌లో కూడా అంతే ఆసిడ్ వేయండి, పీహెచ్ మారితే సినమిక్ ఆసిడ్ పీల్చే తీరు మారుతుంది.

లెక్క ఒకటి చేసి చూపిస్తా. 24 గంటల ఆలుగడ్డ, బ్లాంకు తీసేశాక 0.138 వచ్చిందనుకోండి. 9630తో భాగిస్తే 14.33 మైక్రోమోలార్, అంటే మిల్లీలీటరుకి 14.33 నానోమోల్స్. ట్యూబులో 1.4 మిల్లీలీటర్లు కాబట్టి 20.06 నానోమోల్స్. 30తో భాగిస్తే నిమిషానికి 0.669. ఇది 0.4 మిల్లీలీటర్ల ఎంజైమ్ చేసింది, మన దగ్గరున్నది 5, అంటే 12.5 రెట్లు, గ్రాముకి నిమిషానికి 8.36 నానోమోల్స్. నిమిషానికా గంటకా అన్నది పక్కనే రాయండి. గంటకి అయితే ఇదే 500 దాటుతుంది, పుస్తకంలో ఎవరిదో 500 చూసి నాది 8 ఏమిటని టెన్షన్ పడి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినవాళ్లున్నారు. బ్రాడ్‌ఫోర్డ్ అనే పద్ధతితో ప్రొటీన్ కూడా కొలిచి మిల్లీగ్రాము ప్రొటీన్‌కి ఎంతో చెప్తే ఇంకా మంచిది, వాడిపోయిన ఆకు బరువు తగ్గి గ్రాముకి నంబరు ఊరికే పెరిగినట్టు కనిపించే మోసం దాంతో బయటపడుతుంది.

ఆలుగడ్డ సరిగ్గా వచ్చిందా? ఇప్పుడు ఆకులకి రండి. నేను ఇప్పుడు పొలం నుంచి ఆకులు తేవడం మానేశాను, కుండీల్లో పెంచి, కుండీనే ల్యాబులోకి మోసుకొస్తాను. పొలమే కావాలంటే ఒకే టైముకి కోయండి, పొద్దున్న తొమ్మిదంటే ప్రతిసారీ తొమ్మిదే, ఎందుకంటే వెలుతురుతో కూడా పాల్ మారుతుంది. పై నుంచి మూడో ఆకు అనుకుంటే అన్ని మొక్కల్లో మూడోదే. కోసిన మరుక్షణం లిక్విడ్ నైట్రోజన్‌లో వేయగలిగితే ఆ సెకనుకి మొక్క ఎలా ఉందో అలాగే ఆగిపోతుంది. ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు, పశువుల ఆసుపత్రుల్లో ఎద్దుల వీర్యం దాచేది దాంట్లోనే, మర్యాదగా అడిగితే ఎక్కడ నింపుకుంటారో చెప్తారు. మైనస్ 196 డిగ్రీలది, ఫ్లాస్కుకి మూత బిగించొద్దు, పేలుతుంది. అదీ కుదరకపోతే ఆకుని ఫాయిల్‌లో చుట్టి, ఉప్పు కలిపిన ఐసులో పూడ్చి, వచ్చాక బ్యాగు దించకుండానే నూరడం మొదలుపెట్టండి. గడ్డకట్టిన ఆకుని మాత్రం బఫర్ లేకుండా కరగనివ్వకండి. కరిగితే అందులో కొలవడానికి ఏమీ మిగలదు.

కళ్లతో చూడాలంటే జొన్న మంచిది. ఆకుని గోరుతో గిల్లి రెండు మూడు రోజులు వదిలేయండి, చాలా రకాల్లో గిల్లిన చోట ఎర్రగానో ఊదాగానో మచ్చ తేలుతుంది, మన పాలమూరు చేలల్లో పురుగు కొరికిన ఆకు మీద కనిపించేదీ అదే రంగు. ఆ రంగు పదార్థాలు పాల్ దారిలోంచే వస్తాయి. వరి, జొన్న లాంటి గడ్డిజాతుల పాల్‌కి ఇంకో గుణం ఉంది, ఫినైల్‌అలనిన్‌తో పాటు టైరోసిన్‌ని కూడా పట్టుకుంటుంది, అప్పుడు వచ్చేది సినమిక్ ఆసిడ్ కాదు, కూమారిక్ ఆసిడ్. అచ్చంపేట, వనపర్తి వైపు పిల్లలు పల్లి తీసుకోవచ్చు, నానబెట్టిన గింజని ముక్కలు చేసి తడిగా ఉంచితే రెస్వెరట్రాల్ పెరుగుతుంది, పాల్‌తో పాటు దాన్నీ చూస్తే ప్రాజెక్టుకి బరువొస్తుంది.

పాముపొడ తెగులు పట్టిన వరి మీద చేద్దామనుకునేవాళ్లు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. ఆ తెగులు తెచ్చే రైజోక్టోనియా సొలాని అనే శిలీంధ్రానికి సొంత పాల్ ఉంది. 1975లోనే బెంగళూరు ఐఐఎస్సీలో దాన్ని శుద్ధి చేశారు. అంటే మచ్చలున్న తొడిమెని నూరితే వచ్చే నంబరులో వరి వాటా ఎంతో, బూజు వాటా ఎంతో మీకు తెలియదు. మచ్చకి దూరంగా, అదే మొక్క మీది పచ్చటి భాగాన్ని కూడా విడిగా నూరండి, బూజుని ప్లేటులో విడిగా పెంచి దాన్నీ ఒకసారి కొలవండి.

బూజులూ బ్యాక్టీరియాలూ దీన్ని ఎందుకు ఉంచుకున్నాయంటే వాటి అవసరాలు వేరు. రోడోటోరులా అనే గులాబీ రంగు ఈస్ట్ ఫినైల్‌అలనిన్‌ని తిండిగా తినడానికి వాడుతుంది, అందుకే దాన్ని పెంచే మీడియంలో ఫినైల్‌అలనిన్ వేస్తే ఎంజైమ్ బాగా వస్తుంది, కాకపోతే దాని గోడ మొండిది, మోర్టారుకి లొంగదు, గాజు పూసలతో కొట్టాలి. స్ట్రెప్టోమైసిస్ మారిటిమస్ అనే బ్యాక్టీరియా ఎంటెరోసిన్ అనే యాంటీబయాటిక్ చేయడానికి వాడుకుంటుంది. అనబీనా అనే నీలి ఆకుపచ్చ నాచు పాల్ అయితే ఏకంగా మందు అయ్యింది. ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు ఉన్నవాళ్ల ఒంట్లో ఫినైల్‌అలనిన్ పేరుకుపోతుంది, ఆ నాచు పాల్‌కి మార్పులు చేసి, పైన పాలిమర్ తొడిగి పెగ్‌వాలియేజ్ అనే ఇంజెక్షన్ చేశారు, 2018లో అమెరికాలో పెద్దవాళ్లకి వాడటానికి అనుమతి వచ్చింది. షుగర్ లేని కూల్‌డ్రింక్ డబ్బా మీద ఫినైల్‌కీటోన్యూరియా వాళ్లకి హెచ్చరిక ఉంటుంది చూడండి, ఆ జబ్బే ఇది.

మిగిలిన ఎంజైమ్ ద్రవాన్ని రేపు చూద్దాంలే అని ఫ్రిజ్‌లో పెట్టకండి. ఉంచక తప్పదంటే పదో వంతు గ్లిసరాల్ కలిపి, చిన్న చిన్న ట్యూబుల్లో పంచి, మైనస్ 20లో పెట్టి, ఒక్కో ట్యూబుని ఒక్కసారే కరిగించి వాడండి, ఆ రోజు రీడింగ్ పక్కన "దాచినది" అని నోట్‌బుక్‌లో రాసుకోండి.